దీన్నేమంటారు అయివారూ

మోకాలు చూపించుకుందామని మొన్న ప్రొద్దుటూరు పోతే, ఎట్లా ఉన్నప్పుడు నొప్పి వస్తుందో చెప్పమన్నాడు డాక్టరు. గుంటూరు వైపు పిల్లవాడు. గొంతుక్కూర్చుంటే అన్నాను. తెల్లముఖం వేశాడు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఇంకో మాట దొరక్క చివరికి ఆ గచ్చుమీద, పిర్రలు ఆననీకుండా పాదాల మీదే కూర్చుని చూపించాను. లేవడానికి నర్సమ్మ చెయ్యి అందించాల్సి వచ్చింది. డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వబోయాను గానీ, మా మేనత్త గుర్తొచ్చింది.

అత్తది జమ్మలమడుగు. అక్కడి బళ్లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్లింట్లోనే ఉన్నాను. మనిషి నిలబడే తీరు, కూర్చునే తీరు చూసి పేరు పెట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. మెడ వంచి నడిచే పోస్టుమాను ఆమె నోట్లో పడి ‘సూదెతుక్కునేటోడు’ అయ్యాడు. రిటైరయ్యేదాకా ఊరంతా ఆయన్ని అట్లాగే పిలిచింది. నేను పడీపడీ నవ్వేవాణ్ణి. కొన్ని నోటుబుక్కులో రాసుకున్నాను కూడా, సిగ్గులేకుండా.

అత్త కోడలిది పులివెందుల అవతల లింగాల. మాట తక్కువ. అప్పుడామెకు ఆరో నెల. విత్తనానికి శనక్కాయలు వలిచే రోజులవి. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా మా అత్త పంచలో చేరేవాళ్లు. కుప్ప అయిపోకముందే లేచినదాన్ని పనిదొంగ అనడం ఆ పంచలో రివాజు. ఆ పొద్దు కోడలు రెండుసార్లు లేచి, ఆ మాట రెండుసార్లూ పడింది. మూడోసారి లేవబోయి, గోడకు జారగిలబడి, మోకాళ్లు కడుపులోకి లాక్కుని పక్కకు ఒరిగింది. కడుపులో పట్టుకుంటాందని గొణిగింది. అత్త ఒకసారి చూసి నావైపు తిరిగింది.

“ఏం అయివారూ, దీన్నేమంటారు మీ బళ్లో?”

నాకు ఇరవై మూడేళ్లు. పదిమంది ఆడవాళ్లు నా నోటివైపు చూస్తున్నారు. ఆమె నొప్పి నా బుర్రలోకే రాలేదు, మంచి మాట కోసం వెతుక్కున్నాను.

“రోకటిబండ అత్తా. పుల్లతో ముట్టిస్తే సుట్టుకుంటాది సూడు, ఆ పురుగు.”

పంచంతా గొల్లుమంది. అత్త నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, చీపురుపుల్ల ఒకటి తీసి కోడలి నడుము మీద పొడిచింది. ఇంకా నవ్వారు. నెత్తురు చీర దాటి గచ్చు మీదికొచ్చాక గానీ ఎవరూ లేవలేదు. జీపులో ప్రొద్దుటూరు చేర్చేసరికి బిడ్డ దక్కలేదు. ఇంకొంచెం ముందు తేవాల్సిందని అక్కడి డాక్టరమ్మ తిట్టింది. ఆమెకు మళ్లీ కడుపు పండలేదు. పేరు మాత్రం నిలిచింది, ఆ వీధిలో చాలా ఏళ్లు ఆమె రోకటిబండే.

అత్తకు పక్షవాతం వచ్చాక చూడటానికి పోయాను. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, పక్కకు ఒరిగి మంచంలో ఉంది. మాట పోయింది, కళ్లు మాత్రం తిరుగుతున్నాయి. కోడలు ఆమె మూతి తుడిచి, దుప్పటి సర్ది, నెమ్మదిగా నావైపు చూసింది.

“సదువుకున్నోడివి గదన్నా. ఇట్ల పండుకున్నోళ్లను ఏమంటారు?”

అత్త కళ్లు నా నోటి మీదికొచ్చి ఆగాయి. ఆ మాట వస్తుందేమోనని భయపడుతున్నాయి. కోడలు కాసేపు చూసి, కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. వయసు నా దగ్గర్నుంచి ఎన్నో మాటలు లాక్కుపోయింది. ఆ ఒక్కటీ తీసుకుపొమ్మని ఎంత వేడుకున్నా ముట్టుకోవడం లేదు.