నువ్వు చెప్పిందా, పెట్టె చెప్పిందా?

మేడం పోయారని కబురు వచ్చినప్పుడు బేగంపేట ఆఫీసులో మేమంతా టీ తాగుతున్నాం. ఎవరి కప్పు వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. మాకు నెట్‌వర్క్ పని నేర్పిన మనిషి ఆవిడ. ఏడుపొచ్చింది. దాంతోపాటే, చెప్పొద్దూ, కాలర్ ఎగరేయాలనీ అనిపించింది. ఆవిడ శిష్యులం మరి!

రౌటర్‌ను ఆవిడ పెట్టె అనే పిలిచేవారు. తెర మీద ఏ లైను చూపించినా వేలుపెట్టి, "ఇది నువ్వు చెప్పిందా, పెట్టె చెప్పిందా?" అని అడిగేవారు. ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్నది మనం దానికి చెప్పేది. ఇప్పుడు ఎవరు కలిశారు, ఏ లింకు తెగింది అన్నది అది మనకు చెప్పేది. నీలో ఏముందని అడిగితే రెండూ కలిపి ఒకే కుప్పగా పోస్తుంది. బియ్యంలో రాళ్లేరినట్టు మా చేత ఏరించి, పెట్టె పాడైతే కొత్తదానిలోకి ఎక్కించడానికి మనం చెప్పింది మాత్రమే దాచిపెట్టించేవారు.

ఆవిడ పుట్టి పెరిగింది రెజిమెంటల్ బజార్‌లో, మాటా అక్కడిదే. ఒంట్లో బాగాలేదని సెలవడిగితే, "జ్వరమని నువ్వే చెప్తున్నవా, థర్మామీటర్ సుత చెప్తున్నదా?" అని నవ్వి పంపేసేవారు.

మా మేనేజర్ గారిది గుంటూరు వైపు. "అంతా కలిపి దాచుకుంటే పోయేదేముందండీ? చాదస్తం కాకపోతే!" అనేవారు.

ఒకనాడు ఒక ఆసుపత్రి రౌటర్ కాలిపోయింది. ఆపరేషన్‌కు తయారైన పేషెంటు పై అంతస్తులో ఉంది, ఆమె స్కాన్లు కింద సర్వర్‌లో ఇరుక్కున్నాయి. మేనేజర్ గారు తన కలగలుపు కాపీని కొత్త రౌటర్‌లోకి ఎక్కించారు. పాతది తనంతట తాను కనుక్కున్న దారులు కూడా కొత్తదానికి ఆజ్ఞలైపోయాయి. అందులో ఒక దారి అప్పటికే తెగిపోయింది. కొత్తది మాత్రం, చెప్పారు కదా అని, స్కాన్లన్నీ అటే పంపుతోంది.

మేడం వచ్చారు. "పరేషాన్ కాకుండ్రి," అని నా వైపు తిరిగారు. "అంతా తుడిచెయ్. మనం చెప్పిందొక్కటే ఎక్కించు."

ఎక్కించాను. పెట్టె చుట్టూ చూసుకుని, బాగున్న దారిని తనే వెతుక్కుంది. "స్కాన్లు వచ్చేశాయి!" అని పైనుంచి డాక్టర్ ఫోన్‌లో అరిచారు. కింద మేమున్న సర్వర్ గదంతా ఈలలే. మేనేజర్ గారు చేతులు జోడించి, "గెలిచారండీ మేడం గారూ" అన్నారు.

"నేను గెల్సుడేంది సార్? దాని కండ్లతోని దాన్ని చూడనిచ్చినం, గంతే."

కాప్రాలో ఆవిడ ఇంటికి చివరిచూపుకు వెళ్లొచ్చిన మర్నాడే అదే ఆసుపత్రిలో రౌటర్ మార్చాల్సి వచ్చింది. "మేడం దాచిపెట్టించిందే ఎక్కించండి" అన్నారు మేనేజర్ గారు. ఒక్కో లైనూ లోపలికి వెళ్లింది. స్కాన్లు పైకి వెళ్లాయి. ఈసారీ ఈలలు వేశాం, కళ్లు తుడుచుకుంటూనే. ఎంతసేపటి నుంచి నడుస్తున్నావని పెట్టెను అడిగితే, ఇప్పుడే లేచానంది.

అది పెట్టె చెప్పింది. మేం దానికి చెప్పినవన్నీ మేడం చెప్పినవే.