కిటికీ కింది బొప్పాయి

జమైకా కొండల్లో ఇంటి గోడ పక్కన బొప్పాయి పెంచరు. దగ్గరున్న మనిషి సత్తువంతా లాగేస్తుందంటారు. చెట్టుకు గుర్రాన్ని కట్టేసినా తెల్లారేసరికి నీరసపడిపోతుందట. ఐయోనీకి ఈ మాట తెలియక కాదు. పడకగది కిటికీ కింద దానంతట అదే మొలిచిన మొక్కను పీకడానికి చెయ్యి రాలేదు, అంతే.

ఇప్పుడదే ఆమె గుండెల మీద కుంపటి అయింది. భర్త లిన్వాల్ రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. అరటి గెల భుజాన వేసుకుని పాడుకుంటూ కొండ దిగే మనిషి, బకెట్ నీళ్లు మోసి గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. ఆస్పత్రికి పోదామంటే ఒకటే మాట, "రేపు."

"నే చెప్తే విన్నావా పిల్లా? నీ మొగుణ్ణి ఆ చెట్టే తాగేస్తోంది," అంది పక్కింటి మిస్ మెర్డెల్లా, కంచె మీంచి తొంగిచూసి.

లిన్వాల్‌కి కావలసింది దొరికింది. "విన్నావుగా? రోగం నాక్కాదు, తప్పంతా చెట్టుది. దీనికి డాక్టరేం చేస్తాడు?"

ఆడలేక మద్దెల ఓడన్న రకం. కానీ ఐయోనీ మనసు పూర్తిగా కొట్టిపారెయ్యలేకపోయింది.

అంతలో చెట్టుకి పిండినల్లి పట్టింది. ఆకుల అడుగున, కాయల మెడల చుట్టూ తెల్లగా పిండి చల్లినట్టు పేరుకుంది. దాని జిగురు కోసం చీమలు బారులు తీరాయి. సబ్బునీళ్లలో ముంచిన పాత బ్రష్‌తో ఐయోనీ ఒక్కో ఆకూ తోమింది, చెట్టు మొదట్లో బూడిద పోసింది. రెండు వానలు పడగానే నల్లి మళ్లీ పట్టుకుంది. ఆకులు ముడుచుకుపోయాయి.

"మనిషి సత్తువ తాగితే చెట్టు బలపడాలి కదా, మిస్ మెర్డెల్లా? ఇదేంటి ఇలా అయిపోతోంది?"

"తాగింది అరగలేదేమో!"

ఐయోనీకి నవ్వు రాలేదు. పొద్దున్నే లేచి ముందు చెట్టును, తర్వాత భర్త మొహాన్ని చూసుకునేది. ఎటు చూసినా భయమే. చివరికి, పచ్చి కాయలున్నాయన్న జాలి కూడా చంపుకుని, "కొట్టెయ్ లిన్వాల్. నాకు చెట్టొద్దు, నువ్వు కావాలి," అంది.

"ఇంతేనా? ఎడం చేత్తో ఒక్క వేటు చాలు," అంటూ అతను పెద్ద కత్తి అందుకున్నాడు.

అది గొప్పలు పోవడమేం కాదు. బొప్పాయి మానులో చేవేముంటుంది? ముల్లంగిలా తెగుతుంది. లిన్వాల్ కత్తి ఎత్తి కొట్టాడు. అది రెండు వేళ్ల లోతు దిగి ఆగిపోయింది. ఇంకోసారి కొట్టాడు. మూడోసారికి చెయ్యి పైకి లేవలేదు. వేటు పడ్డ చోట పాలు కారుతుంటే, ఆ చెట్టు మొదట్లోనే బూడిదలో కూలబడి ఆయాసపడ్డాడు. చెట్టు నిలబడే ఉంది.



ఐయోనీ వెళ్లి అతని చేతిలోంచి కత్తి తీసుకుంది, చెట్టు వైపు చూడనైనా చూడలేదు.

"లే. చొక్కా వేసుకో. ఆస్పత్రికి పోదాం."

లిన్వాల్ రేపు అనలేదు. లేపమని చెయ్యి చాచాడు.