కన్నప్ప కత్తి మీది వేపాకు

కన్నప్ప పేరును అమ్ముకున్నది దారిన పోయే దొంగ కాదు, సొంత అక్క సరసమ్మ కొడుకు దినకర్. చిన్నప్పుడు ఆ మామ భుజాల మీద ఊరంతా ఊరేగినవాడు. కొలిమిలోంచి నిప్పురవ్వలు ఎగిరితే ఆ మామ లుంగీ వెనకే దాక్కున్నవాడు.

తమిళనాట గుడియాత్తంలో మగ్గాల చప్పుడు ఆగిన చోట కన్నప్ప సుత్తి చప్పుడు మొదలవుతుంది. వాళ్లది సేద్యగాళ్ల ఇల్లే. తాత తన కొడవళ్ల కోసం కొలిమి పెట్టుకున్నాడు. తర్వాత పొలం చేతులు మారింది, కొలిమి మాత్రం మిగిలింది. పాత లారీ కమాను పట్టీల ఉక్కును కాల్చి, సాగగొట్టి కన్నప్ప వంటకత్తులు చేస్తాడు. ప్రతి కత్తి మీదా, పిడికి కాస్త పైన, ఒక చిన్న వేపాకు ముద్ర ఉంటుంది. తాత చేయించిన ఉక్కు అచ్చుతో కొట్టిన ముద్ర అది.

ఆ ఇంట్లో కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు. చేతికిస్తే ఇద్దరి మధ్యా పగ పుడుతుందని నమ్మకం. బల్ల మీద పెడతారు, కావలసినవాళ్లు తీసుకుంటారు. సరసమ్మ పెళ్లై బాగాయం వెళ్లేటప్పుడు తమ్ముడు ఇచ్చిన కత్తి కూడా బల్ల మీద నుంచే ఆమె సంచిలోకి వెళ్లింది. ఇంకో కట్టుబాటు కన్నప్ప తండ్రి పెట్టింది. వేపాకు ఉన్న కత్తిని ఎవరు తెచ్చినా, ఎక్కడ కొన్నావని అడగకుండా, ఊరికే సాన పట్టి ఇవ్వాలి. "మన ఆకు ఉంటే మన బిడ్డే. ఇంటికొచ్చిన బిడ్డని యాడికి పోయి వచ్చినావని నిలబెట్టి అడగతామా?" అనేవాడు ఆయన. ఆ మాటను కన్నప్ప ఏళ్ల తరబడి దాటలేదు. అతని మంచితనమూ అదే, కొంప ముంచిందీ అదే.

దినకర్ ఫోన్ పట్టుకొని వచ్చిన రోజు ఇంట్లో పండగలా ఉంది. కొలిమిని ఫోటో తీశాడు. సుత్తి పట్టిన చేతిని తీశాడు. వేపాకును దగ్గరగా, ఈనెలు కనబడేలా తీశాడు.

"ఎన్న మామా, ఇంత పని పెట్టుకొని ఈ సందులో కూర్చోనుండావే! ఆన్‌లైన్లో పెడితే ఢిల్లీవాడు కొంటాడు."

"ఢిల్లీవాడు సానకి ఇంత దూరం వస్తాడేమిరా?"

"వస్తే బిరియానీ పెట్టి పంపిద్దాం లే!"

అందరూ నవ్వారు. కొన్నాళ్లు కన్నప్ప చేసిన కత్తులే వెళ్లాయి. తర్వాత దినకర్ రావడం తగ్గించాడు. బేరాలు పడిపోయాయన్నాడు. సరేలెమ్మని కన్నప్ప పాత గిరాకీ చూసుకున్నాడు.

విచిత్రంగా, బేరాలు పడిపోయాక సానకు వచ్చేవాళ్లు పెరిగారు. ఆంబూరు నుంచి, వేలూరు నుంచి, ఎప్పుడూ చూడని మొహాలు. అందరి కత్తుల మీదా వేపాకు ఉంది. రాయి మీద పెట్టగానే కత్తి అలుగు మెత్తగా అరిగిపోయేది. కన్నప్ప తలెత్తి తెచ్చినవాళ్ల మొహం చూసేవాడు. కానీ ఎక్కడ కొన్నావని అడగకూడదు కదా. ఉక్కు ఇచ్చే పాత ఇనుప కొట్టువాడితో పోట్లాడాడు. ఆ తర్వాత తన చేతినే అనుమానించాడు. వయసు మీద పడి, నిప్పులో ఉక్కు రంగు చూసి పదును పెట్టే నేర్పు పోయిందేమోనని కూతురు నందితకు కూడా చెప్పకుండా లోలోపల కుమిలాడు. నకిలీ సరుకు చేసినవాడు హాయిగా నిద్రపోతుంటే, అసలు సరుకు చేసినవాడు తన చేతుల్ని తిట్టుకున్నాడు. లోకం తీరు అంతే.

అప్పుడు ఒడుగత్తూరు నుంచి కాంతమ్మ వచ్చింది. కళ్యాణ మండపాల్లో కూరగాయలు తరిగే మనిషి. కుడిచేతికి కట్టు, ఎడమచేతిలో గుడ్డ మూట.

"కన్నప్పన్నా, నీ బిడ్డ నన్ను కరిచింది" అంటూ నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. మూట విప్పి బల్ల మీద పెట్టింది. అలుగు ఒక ముక్క, పిడి ఒక ముక్క. "గుమ్మడికాయ కోస్తా ఉంటే పుటుక్కుమనె. బొటనవేలు ఇంక వంగదంట. డాక్టరు చెప్పినాడు."

కన్నప్ప ఆ ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. "నా తప్పేనమ్మా. నా చెయ్యి చెడిపోయినట్టుండాది."

"నీ తప్పని తిట్టేదానికి రాలేదన్నా. నీ పేరు చూసే కదా ఆన్‌లైన్లో తెప్పించుకొంటి. నువ్వే ఇట్లా చేస్తే ఇంక ఎవుర్ని నమ్మేది, అది అడగదామని వస్తి."

"ఆన్‌లైన్లోనా? నేను దానికి కత్తులు ఇచ్చి ఎన్నాళ్లాయె!"

మొదటిసారి తండ్రి మాట దాటి, ఇది ఎక్కడిదా అని కన్నప్ప ఆ కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. పిడి చీల్చాడు. అతని కత్తిలో ఇనుము పిడి చివరిదాకా దిగి ఉంటుంది. ఇందులో బొటనవేలంత దిగి ఆగిపోయింది, చుట్టూ జిగురు. పైన మాత్రం చక్కటి వేపాకు, ఈనెలతో సహా.

నందిత ఫోన్ తీసి వెతికింది. 'గుడియాత్తం కన్నప్ప కత్తులు' అని ఉంది. ఫోటోలో కన్నప్ప చెయ్యి, కన్నప్ప కొలిమి. కింద 'జీవితాంతం ఉచితంగా సాన' అని రాసి కన్నప్ప ఇంటి చిరునామా ఇచ్చారు. కొన్నవాళ్లు ఇచ్చిన నక్షత్రాలకు కొదవ లేదు. ఒకాయన రాసిన మాటలు నందిత పైకి చదివింది. "అనుమానంతో గుడియాత్తం వెళ్లాను. పెద్దాయన మారుమాట లేకుండా సాన పట్టి ఇచ్చాడు. నిజమైన కన్నప్ప కత్తే."

"చాలమ్మా, ఆపు" అన్నాడు కన్నప్ప. ఆ నకిలీకి సాక్ష్యం పలికింది తన సానరాయే.

అప్పటికీ మేనల్లుడి మీద అనుమానం రాలేదు. మన దినకర్ తీసిన బొమ్మలు ఎవడో దొంగిలించాడనుకున్నాడు. దినకర్‌కే ఫోన్ చేసి, ఎట్లయినా పట్టుకోరా అని బతిమాలాడు. "నేను చూసుకుంటా మామా, నువ్వు కలతపడొద్దు" అన్నాడు దినకర్, గొంతు కూడా తడబడకుండా.

నందిత ఊరుకోలేదు. అమ్మకాల కంపెనీకి ఫిర్యాదు పెట్టింది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నామని ఒక యంత్రం చింతించింది. ఆ తర్వాత అసలు జవాబు వచ్చింది. వేపాకు ముద్రకు చట్టప్రకారం హక్కుదారే ఆ అమ్మకందారట, ట్రేడ్‌మార్క్ అతని పేరునే ఉందట, పేరు దినకర్, ఊరు బాగాయం. అనుమతి లేకుండా ఆ ముద్ర వాడేవాళ్ల మీద చర్య తీసుకోవచ్చు అని చివర ఒక వాక్యం. అంటే ఇప్పుడు కన్నప్ప కొలిమిలో తయారయ్యేదే నకిలీ.

కన్నప్ప బస్సెక్కి బాగాయం వెళ్లాడు. సరసమ్మ కాఫీ తెచ్చింది. ముట్టలేదు.

"యాడ చేయిస్తా ఉండావురా ఆ రేకు ముక్కలు?"

దినకర్ దాచలేదు. "యాడో ఒక చోట. నువ్వు చేసేదెంత మామా, అడిగేవాళ్లెంతమంది? నేను పేరు పెంచితిని. నీ దగ్గిరికి జనం రాలేదా?"

"జనం కాదురా వచ్చింది. కాంతమ్మ వచ్చింది, వేలు వంగకుండా పోయి."

"నువ్వు ఒక్కరికైనా ఇది నాది కాదు అని చెప్పినావా? చెప్పుంటే నేను ఎప్పుడో ఆపుందును. నువ్వే సాన పట్టి ఒప్పుకొంటివే!"

కన్నప్ప అక్క వైపు చూశాడు. సరసమ్మ కాఫీ గ్లాసు తీసుకొని లోపలికి వెళ్లిపోయింది. ఆమెకూ తెలుసని అప్పుడర్థమైంది.

ఆ తర్వాత కన్నప్ప ముద్ర కొట్టడం మానేశాడు. ఏ ఆకూ లేని కత్తులు, తెలిసినవాళ్లకు మాత్రం. కాంతమ్మ ఎడమచేత్తో తరగడం నేర్చుకుంటోందని తెలిసి, ఆ చేతికి తగినట్టు ఒక కత్తి చేసి, తనే ఒడుగత్తూరు వెళ్లి ఆమె గడప పక్కన తిన్నె మీద పెట్టి వచ్చాడు. ఆన్‌లైన్ కత్తులతో వచ్చేవాళ్లకు, ఇది నాది కాదు అని ఒక్కొక్కరికీ చెప్పి పంపాడు. కొందరు తిట్టారు. ఇంకొందరు మోసగాడని ఫోన్లో రాశారు. అయినా చెప్పడం మానలేదు. మెల్లగా దినకర్ నక్షత్రాలు రాలాయి.

అందుకే దినకర్ గుడియాత్తం వచ్చాడు. కారు మగ్గాల సందులో పట్టక, చివర ఆపి నడిచి వచ్చాడు.

"మామా, జరిగింది జరిగిపోయె. ఒక్క వీడియో. నువ్వు నా కత్తికి సాన పట్టినట్టు. అంతే. అమ్మ కూడా అడగమన్నాది."

కన్నప్ప లేచి, గోడకు వేలాడదీసిన, కాంతమ్మ తెచ్చిన విరిగిన కత్తి అలుగు తీశాడు. దాని మీది నెత్తుటి మరకను అతను తుడవలేదు. బల్ల దాకా వచ్చి ఆగాడు. బల్ల మీద పెట్టలేదు. బల్ల మీదుగా చెయ్యి చాపి, అలుగును దినకర్ చేతికి అందించాడు. దినకర్ ఒకడుగు వెనక్కి వేశాడు. ఎంత కారెక్కి తిరిగినా ఆ ఇంటి పిల్లవాడే, దాని అర్థం తెలుసు.

"ఎందుకురా జంకతావు? ఇన్నాళ్లూ మీ అమ్మకి కూడా బల్ల మిందనే పెడితిని, మన మధ్య పగ పుట్టగూడదని" అన్నాడు కన్నప్ప. "ఇంక ఆ భయం లేదు. చెయ్యి పట్టు."