దిష్టి తీసిన సముద్రపు పువ్వులు

మా పక్కింటి నరసింగరావు గారిది గజపతినగరం దగ్గర వ్యవసాయ కుటుంబం. విజయనగరంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. నలభై దాటినా డాక్టరేటు రాలేదన్న దిగులు తప్ప మనిషి బంగారం. 1968లో ఆ దిగులు తీర్చుకోడానికి భీమిలి రాళ్ల మీంచి సముద్రపు పువ్వుల్ని తెచ్చి వరండాలో గాజు తొట్టెలో పెట్టారు. పేరుకి పువ్వులే గాని అవి జంతువులు. సుఖంగా ఉంటే విచ్చుకుంటాయి, కష్టమొస్తే ముడుచుకుంటాయి.

వానలకు సముద్రం చప్పబడితే వీటి గతేమిటన్నది ఆయన పరిశోధన. రోజూ కాస్త ఉప్పునీరు తోడేసి, కాస్త నూతినీరు పోసేవారు. మొదట్లో ముడుచుకున్నాయి. తర్వాత ఎన్ని నూతినీళ్లు పోసినా పెళ్లికూతుళ్లలా కళకళలాడేవి! ఉప్పు కొలిచే గొట్టం పగిలిపోయింది, కాలేజీవాళ్లు కొత్తది కొనలేదు. ఈయన లెక్కల్నే నమ్ముకుని, లోకానికి తెలియని సంగతి కనిపెట్టానని పొంగిపోయి, పరిశోధనకి గైడు గారిని వాల్తేరు యూనివర్సిటీ నుంచి పిలిచారు. ఆయన ఔనంటే డాక్టరేటు వచ్చినట్టే.

గైడు గారు తొట్టె మీదికి వంగి, "అబ్బ! ఎంత కళగా ఉన్నాయండీ!" అన్నారు.

అంతే. నరసింగరావు గారి అత్తగారు మహాలక్ష్మమ్మ గుప్పెడు గల్లుప్పుతో లోపల్నించి వచ్చి, పువ్వుల చుట్టూ గిరగిరా తిప్పి, ఆ ఉప్పు తొట్టెలోనే పడేసింది.

"అత్తా! ఏటి సేసినావు?" కంగారులో ఆయన కాలేజీ భాష మరిచిపోయారు.

"దిష్టి బాబూ! ఉప్పు కరిగినట్టు కరిగిపోవాల. నువ్వు కాలేజీకెల్లినాక రోజూ తీస్తన్నాను. ఇయి ముడుసుకుపోతే నువ్వు ఇక్కడే కూకుని కూడు మానీసినావు. సూడలేకపోనాను."

గైడు గారు వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు. "ఇది అచ్చంగా సముద్రమే కదయ్యా! మళ్లీ మొదట్నించి చెయ్యి. ఈసారి ఆవిడకీ తొట్టెకీ మధ్య తలుపు వెయ్యి."

పిట్టగోడ మీంచి ఇదంతా చూస్తున్న నాకు నవ్వు ఆగలేదు. నరసింగరావు గారి మొహం చూస్తే జాలీ వేసింది. అల్లుడు బతిమాలితే, తొట్టెలో ఉప్పు వెయ్యనని మహాలక్ష్మమ్మ మూతి ముడుచుకునే ఒప్పుకుంది.

కొన్నాళ్లకు ఆయన మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, "ముడుచుకున్నాయండీ! చక్కగా ముడుచుకున్నాయి!" అని అందరి చేతుల్లో బెల్లం ముక్కలు పెట్టారు. గైడు గారు ఔనన్నారట.

వెనకాలే వచ్చిన మహాలక్ష్మమ్మ అల్లుడికేసి తేరిపార చూసింది.

"పువ్వులు ముడుసుకుంటే నీ మొకం ఇచ్చుకుంటాది. ఇదేటి సదువు బాబూ?"

అని కొంగు ముడిలోంచి గల్లుప్పు తీసి అల్లుడి చుట్టూ తిప్పి, ఆ ఉప్పు మాత్రం జాగ్రత్తగా వీధిలో పారేసింది.