గంగమ్మ రాయి, సముద్రపు తీగ

2003వ సంవత్సరము జూన్ పన్నెండవ తేదీ, గురువారము, ఉదయము పదిన్నర గంటలు. మబ్బు తునక లేని ఆకాశము, వడగాలి. శ్రీకాళహస్తి వెలుపల మంచినీటి గొట్టముల కొరకు తవ్వుచున్న కాలువలో, తెగిన కేబులు కొనను చేతబట్టుకొని నిలిచిన పొక్లెయిన్ డ్రైవరు నియాజును ఆదిమూలము అప్పుడే తొలిసారి చూచెను.

ఆ కేబులునకు కాపలాదారు ఆదిమూలమే. సింగపూరు నుండి సముద్రపుటడుగున మద్రాసు చేరిన ఫోను మాటలు, అచ్చట నేలకెక్కి ఈ దారినే హైదరాబాదు పోవునని కేబులు కంపెనీ ఇంజనీరు ప్రతాప్ చెప్పగా విని, ఆ గర్వముతో ఊరంతయు తిరిగినవాడు. సముద్రములో చేపలు కొరకని తీగ మీ ఊరి పలుగునకు తెగకుండ చూడుమని ప్రతాప్ ఎకసెక్కమాడెడివాడు.

కేబులు పోవు చోట్ల కంపెనీ గుర్తురాళ్లు పాతించెను. వానిలో ఒకదానికి పొలము పోవు ఆడవాండ్రు పసుపు రాచి, కుంకుమ పెట్టి, గంగమ్మను చేసిరి. లారీల దుమ్ము తల్లిపై పడుచున్నదని వరదమ్మ అను పెద్దావిడ బతిమాలగా, ఆదిమూలము ఆ యేటి జాతరనాడు రాయిని పెకలించి వేపచెట్టు నీడకు చేర్చెను. తీగ యెక్కడున్నదో తనకు తెలియును గదా అనుకొనెను. మరొకరికి తెలియదన్న మాట తోచనేలేదు.

“రాయికి పూజ చేస్తాండారు, అమ్మోరికి అడ్డమెందుకులే అని దూరం జరిగి తవ్వినానన్నా,” అనెను నియాజు. “ఆడ రాయి, ఈడ తీగ. ఇదేం సోద్యమబ్బా?”

ఆదిమూలము వంగి, తెగిన రెండవ కొనను మన్నులో వెదకసాగెను.

మధ్యాహ్నమునకు ప్రతాపును, గొట్టముల పని కాంట్రాక్టరును వచ్చి దిగిరి. రాయి ఏమైనా కదిలినదా అని ప్రతాప్ ఆదిమూలము నడిగెను.

“అమ్మోరు సార్ అది. దాన్నెవరు కదిలిస్తారు?”

కాంట్రాక్టరు ఆ గట్టుమీదనే నియాజును పనిలోనుండి తీసివేసెను. టిఫిను క్యారియరు అందుకొని పోవుచు నియాజు ఆదిమూలము దగ్గర ఆగెను.

“ఈడ నన్ను తిట్టనోడివి నువ్వొక్కడివే అన్నా.”

మరునాడు శుక్రవారము. తల్లిని చల్లని చోట కూర్చుండబెట్టిన పుణ్యాత్ముడని వరదమ్మ పొంగలి మొదట ఆదిమూలము చేతిలోనే పెట్టెను. అతడు దానిని తినక ఆకులో ఉంచెను. చేయి కడిగికొని, ఆమె శాపనార్థములు పెట్టుచుండగనే రాయిని భుజమునకెత్తి, అతుకువేసిన కేబులుమీద మరల పాతెను. పిమ్మట ఫోను బూతునుండి ప్రతాపునకు జరిగినది జరిగినట్లు చెప్పెను.

“నిన్న సెప్పింటే వాని పని పోకుండా ఆపుండొచ్చు గదప్పా,” అనెను ప్రతాప్. “ఆ పొక్లెయిన్ సీట్లో ఇంకొకడు కూసున్నాడు.”

ఆదిమూలమునకు కాపలాపని పోయెను. నియాజునకు ఆ పని తిరిగి రాలేదు. అతడు చిత్తూరు మామిడి మండీలో చాలకాలము లారీలకు పండ్ల బుట్టలెత్తెను. అతనితో చెప్పవలెనని ఆదిమూలము ఒకసారి మండీ గేటు దాక పోయి, అతడు నవ్వుచు చేయి ఊపగా, చెప్పలేక తిరిగి వచ్చెను. ఆదిమూలము 2008లో చనిపోయెను. రాయి కేబులు మీదనే ఉన్నది. వరదమ్మ దానికి పందిరి వేయించెను.