కాలిస్తే విలువ పోతాది

తుపాకీ ఉన్న మనిషిని చూసి ఊరు భయపడటం లోకంలో మామూలే. కుందుర్పి దగ్గరి ఆ ఊళ్ళో మాత్రం ఓబులేసే తన తుపాకీని చూసి భయపడేవాడు, దానికెక్కడ జలుబు చేస్తుందోనని. అది వాళ్ళ తాత కొన్న రెండు గొట్టాల సీమ తుపాకీ. లైసెన్సు ఉంది, తూటాలున్నాయి, గురి చూడటానికి ఓబులేసుకు నిక్షేపంలాంటి కళ్ళున్నాయి. అయినా అది పేలగా విన్న చెవి ఊళ్ళో ఒక్కటీ లేదు. ఎవరు ఎందుకు అడిగినా ఆయన జవాబు ఒక్కటే: "కాలిస్తే విలువ పోతాదప్పా!"

ఈ విలువతో కాపురం చేయాల్సి వచ్చింది ఆయన భార్య వనజాక్షికి. ఆమె చీరలు ఇనుపపెట్టెలో నలుగుతుంటే తుపాకీ బీరువాలో పట్టుగుడ్డ కప్పుకుని పడుకునేది.

"ఏమయ్యా, నాకు జొరమొస్తే మాత్ర మింగి పండుకోమంటివి. దానికి తుప్పు మచ్చొస్తే అనంతపురం దాకా ఎత్తుకొని పోతివే!" అని ఆమె దెప్పితే, "నువ్వు కోలుకుంటావు వనజా. మచ్చ కోలుకోదు" అనేవాడు.

ఎన్నికలొస్తే తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి. అందరూ తుపాకీ ఒక్కటే ఇచ్చి వచ్చేస్తే ఓబులేసు దాంతోపాటు ఒక దిండు కూడా ఇచ్చాడు. "సార్, గోడకు ఆనించద్దండి. ఎండ తగలనీయద్దండి. దాని పక్కన గట్టిగా మాట్లాడద్దండి."

కానిస్టేబులు దిండు వైపు చూసి, తుపాకీ వైపు చూసి, "ఇది తుపాకీనా, బాలింతనా అన్నా?" అన్నాడు.

ఒకసారి బోరు నీళ్ళ దగ్గర అన్నదమ్ములు సురేంద్ర, రాఘవేంద్ర ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. సురేంద్ర కళ్ళెర్రజేసుకుని పరుగున వచ్చాడు. "అన్నా, తుపాకీ ఇయ్యి. కాల్చనులే, ఊరికే చూపించి వస్తా."

"నీ చేతులకు చెమట ఉండాదప్పా. చెమట తగిల్తే విలువ పోతాది. చూపించాలంటే నేనే గుడ్డలో చుట్టుకొని తెస్తా. వాణ్ణి దూరంగా నిలబెట్టు, ఆడినుంచి చూపిస్తా."

సురేంద్ర తన కోపం ఎవరి మీదో మర్చిపోయి ఓబులేసును తిట్టుకుంటూ వెళ్ళాడు. కాసేపటికి రాఘవేంద్ర వచ్చాడు. అతనూ అదే జవాబు విని, అవే తిట్లు తిట్టాడు. సాయంత్రానికి అన్నదమ్ములిద్దరూ టీ అంగడి ముందు ఒకే బెంచీ మీద కూర్చుని ఓబులేసు పిసినారితనాన్ని ఏకగ్రీవంగా ఖండించారు.

చివరికి వనజాక్షికి విసుగెత్తింది. అమ్మడమో, కాల్చడమో ఏదో ఒకటి తేలిపోవాలనుకుంది. బెంగళూరులో పాత తుపాకుల సంగతి తెలిసిన విష్ణువర్ధన్ అనే ఆయన ఉన్నాడని తెలుసుకుని, భర్తకు చెప్పకుండా ఫోన్ చేసి రప్పించింది. ఆయన వచ్చేసరికి ఓబులేసు చేనికి వెళ్ళి ఉన్నాడు. ఆయన తుపాకీ గొట్టాలు చూసి, మడమ చూసి, తల గోక్కున్నాడు.

"అమ్మా, ఇది ఆ కాలంలో వేలకొద్దీ వచ్చిన రకం. కాల్చినా, కాల్చకున్నా ధరలో తేడా ఉండదు. చాలా ఏండ్ల కింద మీ సారు దీన్ని నా దగ్గరికి తెచ్చినప్పుడే చెప్పితిని కదా!"

వనజాక్షికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఈ గొట్టానికి పట్టుగుడ్డ ఉతికానా! మనిషి రానీ, ఇవాళ పేలేది తుపాకీ కాదు, తానే అనుకుంది.

అంతలో ఓబులేసు రానే వచ్చాడు. కానీ ఆయన వెనకే ఊరంతా వచ్చింది. "అన్నా! గానుగలో ఎలుగ్గొడ్డు దూరింది! తుపాకీ తియ్!"

పట్టపగలు కొండ దిగిన ఎలుగుబంటి నూనె వాసనకు సురేంద్ర గానుగలోకి వెళ్ళింది. బెదిరిన సురేంద్ర బయట గడియ పెట్టేశాడు. లోపల డబ్బాలు దొర్లుతున్నాయి, తలుపు అదురుతోంది. అటవీ శాఖ వాళ్ళు రావడానికి సాయంత్రమవుతుందట. ఇంకో నాలుగు దెబ్బలు పడితే ఆ తలుపు ఉండదు.

జనం ఓబులేసును, వనజాక్షిని, తుపాకీ చూడటానికి వచ్చాడని అప్పటికే ఊరికి తెలిసిన విష్ణువర్ధన్‌ను తోసుకుంటూ తీసుకెళ్ళారు. ఓబులేసు పట్టుగుడ్డలో తుపాకీని పసిబిడ్డలా ఎత్తుకుని గానుగ ముందు నిలబడ్డాడు. "కాలిస్తే విలువ..."

"నీ విలువలో మన్నుబడ!" అని అరిచాడు సురేంద్ర. "ప్రాణాలు పోతాంటే విలువేందన్నా? కిటికీలోంచి ఒక్క దెబ్బ! ఏం సార్, బెంగళూరు సారూ! మీరే చెప్పండి. కాలిస్తే విలువ పోతాదా?"

ఊరంతా విష్ణువర్ధన్ వైపు తిరిగింది. ఆయన నిజం చెప్పడానికి నోరు తెరిచాడు.

వనజాక్షి భర్త వైపు చూసింది. ఆయన తుపాకీని చూడటం లేదు, కిటికీలోంచి లోపలికి చూస్తున్నాడు. ఆమె కూడా తొంగి చూసింది. తల్లి ఎలుగు గోడకు అతుక్కుని రొప్పుతోంది. దాని వీపు మీద వెంట్రుకలు పట్టుకుని, మూతంతా నూనె పూసుకుని ఒక పిల్ల. ఓబులేసు ఆమె కేసి తిరిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ముఖం ఆమెను దేనికీ అంతలా బతిమాలలేదు.

వనజాక్షి విష్ణువర్ధన్ కాలు గట్టిగా తొక్కింది.

"పోతాదంట!" అని కేక పెట్టింది. "ఇంట్లో ఇప్పుడే చెప్పినాడు సారు! ఒక్క గుండు పేలితే ఇనుప సామాన్లోడు కూడా కొనడంట! ఎవరైనా దాని మీద చెయ్యేస్తే నేనూరుకోను!"

"హౌదు, హౌదు!" అన్నాడు విష్ణువర్ధన్ కన్నడంలో తలూపుతూ, కాలు పట్టుకుని.

"వినపడిందా?" ఓబులేసుకు ఎక్కడలేని గొంతు వచ్చింది. గుంపులో ముందున్న కుర్రాణ్ణి పిలిచాడు. "సుంకప్పా, నువ్వు వెనక్కి పోయి కొండ పక్క తలుపు తీసి ఆ గోడెక్కు. మిగతావాళ్ళు ఈడ డబ్బాలు కొట్టండి, పళ్ళేలు కొట్టండి!"

ఊరు ఊరంతా మోగింది. వనజాక్షి దొరికిన బిందెను దొరికిన గరిటెతో వాయించింది. వెనక తలుపులోంచి నల్లటి మూట ఒకటి దూసుకొచ్చి, వీపు మీద చిన్న మూటతో సహా కొండకేసి ఉరికింది. జనం ఈలలు, కేకలు! తుపాకీ అడిగిన సురేంద్రే అందరికన్నా ముందు ఎగిరి గంతేసి, ఆ తర్వాత ఖాళీ అయిన నూనె డబ్బాలు గుర్తొచ్చి ఆగాడు.

ఇంటికి నడుస్తూ వనజాక్షి అడిగింది. "దానికి విలువ లేదని నీకు ముందే తెల్సు కదా?"

"తెల్సు."

"మరెందుకయ్యా ఇన్ని తిట్లు తింటివి?"

"చంపేది పాపమంటే నవ్వుతారు వనజా. ఇయ్యనంటే అలుగుతారు. దుడ్లు పోతాయంటే మాత్రం ఎంత కోపంలో ఉండేవాడికైనా అర్థమైతాది."

తుపాకీకున్న పట్టుగుడ్డ జారుతుంటే వనజాక్షి సర్దింది.

మరునాడు పొద్దున్నే పక్కింటి ఆంజినమ్మ వాళ్ళ అత్తకాలం నాటి రాతి కల్వాన్ని చంకనెత్తుకుని వచ్చింది. "అన్నా, ఇదీ పాతదే. దీంట్లో నూరితే విలువ పోతాదేమో చూసి చెప్పు."

ఓబులేసు కల్వాన్ని తిప్పి చూశాడు, గోటితో కొట్టి విన్నాడు. వనజాక్షి నవ్వాపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దీంట్లో చెనిక్కాయ ఊరిబిండి పచ్చడి నూరి పంపు తల్లీ," అన్నాడాయన గంభీరంగా. "తిని చూడకుండా విలువెట్ల చెప్పేది?"