నెమలిగుంటకు అంబులెన్సు

లేని ఊరికి అంబులెన్సు పిలిచిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. పైగా అంబులెన్సును ఎలా పిలవాలో పల్లెల వాళ్ళకు నేర్పే చిన్న సినిమా రాసింది కూడా నేనే. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలెట్టచ్చు, నేనేమీ అనుకోను.

అప్పట్లో నేను భీమవరం నుంచి వచ్చి, షేక్‌పేటలో అద్దె గదిలో ఉంటూ, ఫిలింనగర్‌లో దొరికిన రాతపనల్లా చేస్తుండేదాన్ని. ఎమర్జెన్సీ నంబరు గురించి పల్లెల్లో వెయ్యడానికి ఒక ప్రచార చిత్రం కావాలన్నారు. పల్లెల్లో డోరు నంబర్లు చూసుకుని ఎవరు తిరుగుతారు? కంగారులో "మా ఇంటికి తొందరగా రండి" అని ఫోన్ పెట్టేసేవాళ్ళు బోలెడుమందట. అందుకని ముందు ఊరు, మండలం చెప్పాలి, ఆపైన గుడో బడో ఒక గుర్తు చెప్పాలి, ఒకరు రోడ్డు మీదకెళ్ళి నిలబడాలి. ఇదంతా తిరగరాసి తిరగరాసి నాకు నిద్రలో కూడా వచ్చేసింది.

అందులో అవ్వ వేషం యాదమ్మది. బోరబండ నుంచి వచ్చే జూనియర్ ఆర్టిస్టు. తెరమీద ఎన్ని చావుల దగ్గర ఏడ్చిందో ఆవిడకే తెలీదు. నాకు మాత్రం రోజూ తన టిఫిన్ డబ్బాలోంచి సగం పెట్టేది. ఇంత పెద్ద సిటీలో "తిన్నవా బిడ్డా" అని నన్నడిగే మనిషి ఆవిడొక్కతే. ఆవిడంటే నాకు ప్రాణం.

ఫిలింనగర్ కొండవాలు మీద ఖాళీ స్థలంలో ఊరి సెట్ వేశారు. దానికి నెమలిగుంట అని పేరు పెట్టింది నేనే, పూలకొండ మండలంలో కలిపిందీ నేనే. ప్లైవుడ్ రామాలయం, ఒక వేపచెట్టు, అద్దెకు తెచ్చిన కోళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక యాదమ్మ నులకమంచం మీద కూర్చుని గుండె పట్టుకుంది. ఒళ్ళంతా చెమటలు. ఆ పూట ఆవిడకు షాట్ లేదు, కాబట్టి నటన కాదని అందరికీ తెలిసిపోయింది.

కంగారులో నేనే ఎలాగో ఫోన్ చేశాను. అవతల ఒకమ్మాయి ఎక్కడున్నారని అడిగింది. నా నోరు నా స్క్రిప్టునే పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"నెమలిగుంటండీ, పూలకొండ మండలం. రామాలయం పక్కన వేపచెట్టు."

వెనక కోళ్ళు కూస్తున్నాయేమో, ఆ అమ్మాయి నమ్మేసింది. పాపం, కంప్యూటరులో చాలా వెతికింది.

"పూలకొండ మండలం కనబడట్లేదమ్మా. మీకు గట్టిగా తెలుసా?"

"ఎందుకు తెలీదండీ, ఆ పేరు నేనేగా పెట్టింది."

ఆ అమ్మాయి కంగారుపడకమ్మా అని బుజ్జగించి, గుడి వెనక ఏముందో చెప్పమంది. నేను తిరిగి చూసి, ఉన్నదున్నట్టు చెప్పాను. "గుడి వెనక గుడి లేదండీ. కర్రలున్నాయి."

అప్పుడు మంచం మీంచి యాదమ్మ, మూలుగుతూనే, నా కొంగు పట్టి లాగింది. "ఫిలింనగర్ అని చెప్పు బిడ్డా. బండి నెమలిగుంటకు పోతే నేనేం గావాలె?"

సిగ్గుతో చచ్చి, ఫిలింనగర్ అనీ, ఏ రోడ్డో కూడా చెప్పాను. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా విసుక్కోలేదు. బండి బయల్దేరిందని చెప్పి, యాదమ్మను నడిపించొద్దని, ఫోన్ పెట్టేయొద్దని అంది. నేను ఏడుస్తుంటే మెల్లగా మాట్లాడుతూనే ఉంది.

"రోజూ పల్లెల నుంచి ఎంతోమంది చేస్తారమ్మా. కంగారులో సొంత ఊరు పేరు మర్చిపోయినవాళ్ళున్నారు. ఊరినే పుట్టించింది మాత్రం మీరే."

మా డైరెక్టరుగారు ఎర్ర తువ్వాలు ఊపుతూ రోడ్డు మీద నిలబడ్డారు. నా స్క్రిప్టులో ఆ రోజు పనికొచ్చిన ముక్క అదొక్కటే. బండి నేరుగా ఆయన ముందే ఆగింది. సమయానికి తెచ్చారన్నారు డాక్టర్లు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని నేను ఇంకోసారి ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

యాదమ్మ ఇప్పుడు బాగానే ఉంది. ఏ ఊరు మీదని ఎవరైనా అడిగితే, నన్ను పక్కన పెట్టుకునే "నెమలిగుంట" అంటుంది. మొన్న భరించలేక ఆవిడ తలమీద చెయ్యి పెట్టాను. నేను పుట్టించిన ఏ ఊరికీ, ఏ మండలానికీ నా కంఠంలో ప్రాణముండగా అంబులెన్సును పిలవనని గంభీరంగా ఒట్టు వేశాను.

ఆవిడ నా చెయ్యి తీసి, అందులో తన టిఫిన్ సగం వడ్డించిన డబ్బా మూత పెట్టింది.

"ఒట్లు తర్వాత బిడ్డా. తిన్నవా?"